పాత పెట్రోల్ కారు అప్పుడప్పుడూ పొగ వదులుతుంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, స్టాండర్డ్ హెరాల్డ్ లాంటి కార్బ్యురేటర్ బళ్లు ఇంకా నడుపుతున్నవాళ్ల కోసం రాసిన పేజీ ఇది. ఎప్పుడూ పొగ వదిలే ఇంజన్‌ది ఏ జబ్బో తేల్చడం పెద్ద కష్టం కాదు. ఒకరోజు వచ్చి నాలుగు రోజులు మాయమైపోయే పొగతోనే చిక్కంతా. షెడ్డుకి తీసుకెళ్లేసరికి బండి బుద్ధిగా ఉంటుంది. చివరికి ఎవరో ఒకరు "బోర్ పోయింది, ఇంజన్ దించాల్సిందే" అనేస్తారు. చాలాసార్లు బోర్ (పిస్టన్ కదిలే సిలిండర్ లోపలి గోడ) పోయి ఉండదు. పొగ ఏ క్షణంలో వస్తోందో పట్టుకుంటే, ఇంజన్ విప్పకముందే సగం సంగతి తెలిసిపోతుంది.

పొగ ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒక చిన్న నోటుపుస్తకం, రెండు వారాల ఓపిక ఉంటే చాలు. పొగ కనబడిన ప్రతిసారీ నాలుగు విషయాలు రాయండి: స్టార్ట్ చేసి ఎంతసేపైంది, టెంపరేచర్ ముల్లు ఎక్కడుంది, పొగకి ముందు పది సెకన్లు మీ కాలు ఏ పెడల్ మీద ఉంది, పొగ రంగేమిటి. డిప్‌స్టిక్ కొలత వారానికి రెండుసార్లు, పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, బండి సమంగా నిలిపి చూడాలి. వెనక ఇంకో బండిలో ఎవరైనా వస్తూ ఫోన్లో వీడియో తీస్తే మరీ మంచిది. అద్దంలో మీకు కనబడే పొగలో సగం రంగు మీ వెనక అద్దానిదే.

సాయంకాలం ఎండలో అన్ని పొగలూ బూడిదరంగులోనే కనిపిస్తాయి. అందుకని కాగితంతో చూడండి. ఇంజన్ వేడెక్కాక ఐడిల్‌లో ఉంచి, సైలెన్సర్ మూతికి జానెడు దూరంలో తెల్ల కాగితం ఒక నిమిషం పట్టుకోండి. వేలితో రుద్దితే జారే గోధుమరంగు చుక్కలు పడితే ఆయిల్. పొడిగా కాటుకలా అంటితే పెట్రోల్ ఎక్కువవుతోంది. తడిసి, ఆరాక మరక మిగలకపోతే నీళ్లు. ఆరాక తియ్యటి వాసన ఉంటే కూలెంట్.

రంగును బట్టే జబ్బు చెప్పేయొచ్చా?

ఏం కాలుతోందో చెప్పొచ్చు. నీలం అయితే ఆయిల్, నలుపు అయితే పెట్రోల్, తెలుపు అయితే నీళ్లో బ్రేక్ ఆయిలో. అది ఎటునుంచి లోపలికి వస్తోందో మాత్రం రంగు చెప్పదు, పొగ వచ్చే సమయం చెబుతుంది. ఒకే నీలం పొగ ఐదొందల రూపాయల సీల్ వల్లా రావచ్చు, పిస్టన్లన్నీ మార్చే పని వల్లా రావచ్చు.

పొద్దున్నే స్టార్ట్ చేయగానే గుప్పున నీలం పొగ. నిమిషంలో పోతుంది, మళ్లీ రోజంతా రాదు. ఎందుకు?

ఇది దాదాపుగా వాల్వ్ గైడ్లు (వాల్వ్ కాడ కదిలే గొట్టాలు), వాల్వ్ సీళ్ల (కాడ వెంట ఆయిల్ దిగకుండా ఆపే రబ్బర్లు) పని. బండి ఆపాక హెడ్ (సిలిండర్ల పైన మూతలా ఉండే భాగం) మీద రాకర్ల (వాల్వుల్ని నొక్కే చేతులు) దగ్గర నిలిచిన ఆయిల్ రాత్రంతా వాల్వ్ కాడ వెంబడి బొట్టు బొట్టుగా కిందికి దిగుతుంది. పొద్దున సెల్ఫ్ కొట్టగానే ఆ నాలుగు బొట్లూ ఒక్కసారిగా కాలతాయి. అంబాసిడర్‌లోని 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజన్‌లో వాల్వ్ పైభాగాన కాటర్ల (స్ప్రింగుని వాల్వ్ కాడకి పట్టి ఉంచే చిన్న ముక్కలు) కింద చిన్న రబ్బరు రింగు ఉంటుంది. ఏళ్లు గడిస్తే అది గోరుతో నొక్కినా నొక్కుపడనంత గట్టిపడి పగిలిపోతుంది. మార్చిన సీళ్లు రెండు మూడు నెలలకే మళ్లీ పాడవుతుంటే, గైడ్ అరిగి వాల్వ్ పక్కలకి ఊగుతోందని అర్థం. అప్పుడు సీల్ మార్చి లాభం లేదు, హెడ్ దించి గైడ్లు మార్పించాలి.

రాత్రి ఏటవాలు చోట నిలిపిన రోజుల్లోనే పొగ వస్తోందేమో కూడా పుస్తకంలో చూడండి. ఆయిల్ ఒక సిలిండర్ వైపు చేరిందంటే ఆ సిలిండర్ ప్లగ్గు ఒక్కటే తడిగా దొరుకుతుంది.

సిల్క్ బోర్డు కూడలి దగ్గర ట్రాఫిక్‌లో పది నిమిషాలు నిలబడి కదలగానే పొగ. నంది హిల్స్ దిగేటప్పుడూ అంతే. ఎక్కేటప్పుడు మాత్రం ఏమీ ఉండదు. ఇది పిస్టన్ రింగులేనా?

కాదు. ఈ తేడా ఒక్కటి బాగా అర్థమైతే చాలా డబ్బు మిగులుతుంది. యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు కార్బ్యురేటర్ కవాటం మూసుకుంటుంది, ఇంజన్ మాత్రం పీలుస్తూనే ఉంటుంది. మానిఫోల్డ్‌లో (కార్బ్యురేటర్ నుంచి సిలిండర్లకి వెళ్లే గొట్టంలో) గట్టి వాక్యూమ్ ఏర్పడి, ఇన్‌లెట్ వాల్వ్ గైడ్ సందులోంచి రాకర్ కవర్ కింది ఆయిల్‌ని లాగేస్తుంది. మళ్లీ యాక్సిలరేటర్ తొక్కగానే పోగైనదంతా కాలి గుప్పుమంటుంది. నంది హిల్స్ దిగడమైనా, పలమనేరు నుంచి చిత్తూరు వైపు మొగిలి ఘాట్ దిగడమైనా, గేరులో కాలు ఎత్తేసి దిగితే ఇదే పరీక్ష.

రింగులు (పిస్టన్‌కీ బోర్ గోడకీ మధ్య సందు మూసేవి) అరిగితే దీనికి సరిగ్గా వ్యతిరేకంగా ఉంటుంది. లోడు మీద, ఎక్కేటప్పుడు, మూడో గేరులో గట్టిగా తొక్కినప్పుడు పొగ వస్తుంది, తొక్కినంతసేపూ వస్తుంది. ఆయిల్ పోసే మూత తీస్తే పొగమంచులా గాలి తన్నుతుంది.

పరీక్షించాలంటే ఖాళీగా ఉన్న, బాగా కనబడే ఏటవాలు రోడ్డు చూసుకోండి. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, మూడో గేరులో 50 కిలోమీటర్ల వేగంతో కాలు ఎత్తేసి 20 సెకన్లు దిగనివ్వండి. తర్వాత సగం వరకు తొక్కండి. తొక్కిన మొదటి రెండు మూడు సెకన్లే నీలం పొగ వచ్చి ఆగిపోతే గైడ్లూ సీళ్లూ. తొక్కుతున్నంతసేపూ వస్తే రింగుల మీద అనుమానం పెట్టుకోండి. రెండు చోట్లా వస్తే కంప్రెషన్ పరీక్ష (సిలిండర్లలో ఒత్తిడిని గేజ్‌తో కొలవడం, కింద చెప్పాం) చేయనిదే ఏదీ నిర్ణయించకండి.

హెడ్ దించకుండా వాల్వ్ సీళ్లు మార్చొచ్చా?

మార్చొచ్చు. వాల్వ్ సిలిండర్‌లోకి పడిపోకుండా లోపలి నుంచి ఆపడమే అసలు కిటుకు. దానికి నున్నటి నూలు తాడు సరిపోతుంది. పోగులు ఊడే తాడు మాత్రం వాడొద్దు.

ముందు ప్లగ్గులన్నీ తీయండి. మొదటి సిలిండర్ పిస్టన్ కంప్రెషన్‌లో పైకి వచ్చే దారిలో, ఇంకా సగం దూరం ఉండగా ఆపండి. అప్పుడు రెండు వాల్వులూ మూసి ఉంటాయి. ప్లగ్గు రంధ్రంలోంచి అందులో సులువుగా దూరే తాడు దాదాపు ఒకటిన్నర మీటరు లోపలికి తోసి, కొస బయటే వదిలేయండి. ఇప్పుడు ఇంజన్‌ని చేత్తో మెల్లగా తిప్పితే పిస్టన్ తాడుని హెడ్‌కి నొక్కి ఆగిపోతుంది. వాల్వులు కదలవు. రాకర్ షాఫ్ట్ విప్పేటప్పుడు దాని నట్లలో కొన్ని హెడ్ స్టడ్లమీదే ఉంటాయని గుర్తుంచుకోండి. కూలెంట్ ముందే దించి, నట్లు కొంచెం కొంచెంగా వరుసగా వదులు చేయాలి, తిరిగి మాన్యువల్‌లోని టార్క్‌కే బిగించాలి. స్ప్రింగ్ నొక్కే ముందు సుత్తితో రిటైనర్ మీద చిన్న దెబ్బ కొడితే అంటుకుపోయిన కాటర్లు వదులవుతాయి. కాటర్ జారి పుష్‌రాడ్ రంధ్రంలో పడితే సంపు (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పాల్సి వస్తుంది, కాబట్టి రంధ్రాలన్నిటికీ గుడ్డముక్కలు కుక్కండి. ఎన్ని కుక్కారో లెక్క పెట్టుకోండి. స్ప్రింగ్ తీశాక వాల్వ్ కాడని పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడండి. స్పష్టంగా టకటకమంటే గైడ్ పోయింది. అన్నీ అయ్యాక వాల్వ్ క్లియరెన్సులు మళ్లీ పెట్టాలి.

కంప్రెషన్ పరీక్ష చేయించాను. మాన్యువల్లో ఉన్నంత రాలేదు. ఇంజన్ పోయినట్టేనా?

తొందరపడకండి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకి పైన ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడే పదోవంతు తక్కువ. మాన్యువల్లో 140 పీఎస్ఐ (ఒత్తిడి కొలమానం) అని ఉంటే, నిక్షేపంలాంటి ఇంజన్ కూడా ఇక్కడ 125 దగ్గర చూపిస్తుంది. వాక్యూమ్ గేజ్ సంగతీ ఇంతే. చెన్నైలో ఐడిల్‌లో 18 అంగుళాల పాదరసం చూపే ఇంజన్ ఇక్కడ 15 చూపిస్తే అది ఆరోగ్యమే.

అసలు అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. ఇంజన్ వేడిగా ఉండాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి, నాలుగు ప్లగ్గులూ తీసేయాలి. కాయిల్‌కి స్విచ్చి నుంచి వచ్చే సన్న వైరు ఊడదీయాలి. చోక్ లోపలికి తోసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టాలి. ఇది మర్చిపోతే గాలి చాలక అన్ని సిలిండర్లూ తక్కువే చూపిస్తాయి. ఒక్కో సిలిండర్‌కి ఇంజన్ ఆరేడు చుట్లు తిరిగేలా సెల్ఫ్ కొట్టి అంకె రాసుకోండి. తర్వాత ఒక్కో సిలిండర్‌లో ఒక టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్ల ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి.

ఆయిల్ పోశాక అంకె బాగా పెరిగితే రింగులూ బోరూ. పెరగకపోతే వాల్వ్ సరిగ్గా కూర్చోవడం లేదు. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేలా తక్కువ చూపి, ఆయిల్‌కి కదలకపోతే వాటి మధ్య హెడ్ గాస్కెట్ పోయిందన్నమాట. ఎక్కువకీ తక్కువకీ పదిహేను శాతం లోపు తేడా ఉండి, నీలం పొగ ఘాట్ దిగేటప్పుడే వస్తుంటే బోర్ జోలికి వెళ్లొద్దు. ఇంకో మాట: గైడ్లు అరిగినా కంప్రెషన్ బాగానే వస్తుంది. "కంప్రెషన్ బాగుంది కాబట్టి ఆయిల్ కాలడం లేదు" అనుకోవడం పొరపాటు.

చెన్నైలో బాగున్న బండి బెంగళూరు వచ్చాక నల్ల పొగ వదులుతోంది. ఎందుకు?

గాలి పలచన కాబట్టి. సముద్రమట్టం దగ్గర సర్దిన కార్బ్యురేటర్ ఇక్కడ దాదాపు నాలుగు శాతం రిచ్‌గా, అంటే గాలికి తగినదానికంటే ఎక్కువ పెట్రోల్‌తో నడుస్తుంది. అంతమాత్రానికే పొగ రాదు. అప్పటికే అంచుమీద ఉన్న బండి అయితే ఈ నాలుగు శాతంతో గట్టు దాటుతుంది. సర్దడానికి ముందు ఎయిర్ క్లీనర్ చూడండి, చోక్ పూర్తిగా వెనక్కి వస్తోందో చూడండి. ఎస్‌యూ అనే రకం కార్బ్యురేటర్‌లో చోక్ లాగితే జెట్ కిందికి దిగుతుంది. లింకు ఎండిపోతే చోక్ తోసినా జెట్ అక్కడే ఉండిపోతుంది. వేలితో కింది నుంచి తోసి చూడండి. పైకి కదిలిందంటే మీ దొంగ దొరికినట్టే. వచ్చీపోయే నల్ల పొగకి ఇది, ఫ్లోట్ నీడిల్ (కార్బ్యురేటర్‌లోకి పెట్రోల్ రాకని ఆపే సూది) కింద ఇరుక్కునే నలుసు, ఈ రెండే తరచూ కారణాలు. నలుసు ఉంటే కార్బ్యురేటర్ ఓవర్‌ఫ్లో గొట్టం నుంచి పెట్రోల్ కారుతుంది. పని అయ్యేవరకు ఇంజన్ ఆపి ఉంచండి.

ఇవన్నీ బాగుంటే వేడి ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఎస్‌యూ పిస్టన్‌ని పక్కనున్న పిన్నుతో 0.8 మిల్లీమీటరు మాత్రమే లేపండి. ఇంజన్ వేగం పెరిగి అలాగే నిలిస్తే రిచ్. ఒక్క క్షణం పెరిగి మామూలుకి వస్తే సరిగ్గా ఉంది. ఆగిపోబోతే లీన్, అంటే పెట్రోల్ తక్కువ. రిచ్‌గా ఉంటే జెట్ కింది నట్టుని ఒక్కో ముఖం చొప్పున పైకి తిప్పుతూ ప్రతిసారీ పరీక్షించండి. ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోల్ మిశ్రమాన్ని లీన్ వైపు లాగుతుంది, ఎత్తేమో రిచ్ వైపు లాగుతుంది. కాబట్టి లెక్కలు కట్టి సర్దొద్దు, ప్లగ్గులు చూసి సర్దండి. కొన అంతా ఇసుకరంగుకి వస్తే చాలు. మళ్లీ చెన్నై వెళ్లి అక్కడే ఉంచేస్తే తిరిగి చూసుకోవాలి. లీన్‌గా వదిలేస్తే వాల్వులు కాలిపోతాయి.

ఆయిల్ తగ్గాల్సింది పోయి డిప్‌స్టిక్ మీద పెరుగుతోంది. పొగ కూడా వస్తోంది.

బండి ఇప్పుడే ఆపండి. సంపులోకి పెట్రోల్ దిగుతోంది. ఇంజన్‌కి బిగించిన పెట్రోల్ పంపులో డయాఫ్రమ్ చిరిగితే పెట్రోల్ నేరుగా ఆయిల్‌లో కలుస్తుంది. పాత రబ్బరుకి ఇథనాల్ పెట్రోల్ అసలు పడదు. ఫ్లోట్ నీడిల్ తెరిచి ఉండిపోయినా సిలిండర్ల గోడల మీదుగా దిగుతుంది. డిప్‌స్టిక్‌ని ముక్కు దగ్గర పెట్టుకుంటే ఘాటుగా తెలిసిపోతుంది. నిప్పు అంటించి చూడటం మాత్రం వద్దు. పలచబడిన ఆయిల్ రింగుల్ని దాటి కాలుతుంది కాబట్టే నీలమూ నలుపూ కలిసిన పొగ. అంతకంటే ముఖ్యం, బేరింగులు అరిగిపోతాయి. ఇథనాల్ తట్టుకునే డయాఫ్రమ్ కిట్ వేసి, ఆయిలూ ఫిల్టరూ మార్చాకే ఇంజన్ తిప్పండి.

డిసెంబర్ పొద్దుల్లో తెల్ల పొగ. హెడ్ గాస్కెట్ పోయిందేమోనని భయంగా ఉంది.

ఒక లీటరు పెట్రోల్ కాలితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. 15 డిగ్రీల చలిలో అది ఆవిరిగా కనబడటం సహజం. సైలెన్సర్ వేడెక్కేసరికి ఆగిపోతుంది, మూతి దాటి ఒకటి రెండు మీటర్లలో కరిగిపోతుంది. కూలెంట్ పొగ కరగదు, బండి వెనక రోడ్డు మీద తారట్లాడుతుంది.

ఆయిల్ మూత లోపల మజ్జిగ నురుగులాంటిది కనిపించినా వెంటనే బెంబేలు పడకండి. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో అది తేమ. డిప్‌స్టిక్ మీది ఆయిల్ కూడా పాలు కలిపినట్టుంటే మాత్రం నిజమే. అనుమానం తీరకపోతే ఇంజన్ చల్లగా ఉండగా రేడియేటర్‌కి పంపు బిగించి, రేడియేటర్ మూత మీద రాసిన ఒత్తిడి మేరకే గాలి ఎక్కించి రాత్రంతా వదిలేయండి. పాత మూతల మీద 7 పీఎస్ఐ ఉంటే 7 చాలు. పొద్దున ఒత్తిడి తగ్గి ఉంటే, ప్లగ్గులు తీసి కొంచెం దూరంగా నిలబడి సెల్ఫ్ కొట్టించండి. ఏ రంధ్రం నీళ్లు చిమ్మితే ఆ సిలిండరే. నాలుగు ప్లగ్గుల్లో ఒక్కటే కడిగినట్టు తెల్లగా మెరుస్తున్నా అక్కడే చూడాలి.

బ్రేకు తొక్కితేనే తెల్ల పొగ వస్తోంది.

బ్రేక్ సర్వో (ఇంజన్ వాక్యూమ్‌తో బ్రేకు పెడల్‌కి బలం ఇచ్చే డబ్బా) ఉన్న బళ్లలో ఇది జరుగుతుంది. సీల్ కారితే మానిఫోల్డ్ వాక్యూమ్ బ్రేక్ ఆయిల్‌ని సర్వోలోంచి ఇంజన్‌లోకి పీల్చేస్తుంది. రిజర్వాయర్ తగ్గుతుంది, చక్రాల దగ్గర ఎక్కడా తడి ఉండదు. సర్వో నుంచి మానిఫోల్డ్‌కి వెళ్లే గొట్టం ఊడదీసి లోపల వేలుపెట్టి చూడండి. తడి ఉంటే బండి నడపకండి, ఇది బ్రేకుల సంగతి. ఆటోమేటిక్ గేరుబాక్సున్న పాత అమెరికన్ బళ్లలో వాక్యూమ్ మాడ్యులేటర్ (గేరుబాక్సుని మానిఫోల్డ్ వాక్యూమ్‌తో కలిపే భాగం) డయాఫ్రమ్ చిరిగినా గేరు ఆయిల్ ఇలాగే ఇంజన్‌లోకి వస్తుంది.

హైవే మీద గంట నడిపాకో, గట్టి మలుపు తిరిగాకో పొగ వస్తుంది. మిగతా రోజుల్లో లేదు.

ముందు బ్రీదర్ చూడండి. రాకర్ కవర్ నుంచి ఎయిర్ క్లీనర్‌కి వెళ్లే గొట్టం మురికితో మూసుకుపోతే సంపులో ఒత్తిడి పెరిగి, ఆయిల్ దొరికిన సందులోంచల్లా బయటపడుతుంది. గొట్టం తీసి కిరోసిన్‌లో కడిగి ఊది చూడండి. లోపల వైరు జాలీ ఉంటే అదీ కడగాలి. పైసా ఖర్చు లేని పని కాబట్టి అన్నిటికంటే ముందు ఇదే చేయమంటాం. తర్వాత ఆయిల్ మట్టం చూడండి. పై గీత దాటి పోస్తే తిరిగే క్రాంక్ దాన్ని చిలికేస్తుంది. హెడ్ నుంచి ఆయిల్ కిందికి దిగే రంధ్రాలు బురదతో పూడుకుపోయినా, మలుపుల్లో వాల్వ్ గైడ్లు ఆయిల్‌లో మునిగి ఇలాగే జరుగుతుంది.

రింగులు మార్పించి రెండు నెలలైంది. ఇంకా పొగ వస్తోంది.

కొత్త రింగులు బోర్ గోడకి రాసుకుని కూర్చోవాలి. గోడమీద అడ్డగీతల హోనింగ్ (గరుకు రాయితో సన్న గీతలు పెట్టడం) లేకపోయినా, మొదటి రోజుల్లో బండిని గంటలకొద్దీ ఐడిల్‌లో వదిలేసినా గోడ అద్దంలా నునుపెక్కి రింగులు పట్టు దొరకక జారుతాయి. మొదటి 500 కిలోమీటర్లు మినరల్ ఆయిల్‌తో, వేగం మారుస్తూ, మధ్యమధ్యలో సగం యాక్సిలరేటర్‌తో తొక్కి వదులుతూ నడపాలి. 1000 దాటినా తగ్గకపోతే ఇంకో హోనింగ్ తప్పదు. రెండో రింగు తలకిందులుగా వేసినా ఆయిల్ పైకి ఎక్కుతుంది. పై ముఖం గుర్తున్న రింగుకి ఆ గుర్తు పిస్టన్ తలవైపే ఉండాలి.

బండి రెండేళ్లు షెడ్డులో నిలిచిపోయింది. తీయగానే పొగ.

రింగులు మసితో గాడిలో అంటుకుపోయి ఉంటాయి. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో 30 మిల్లీలీటర్లు డీజిల్, ఆటోమేటిక్ గేరు ఆయిల్ సమానంగా కలిపి పోసి రెండు రోజులు నాననివ్వండి. మధ్యలో ఇంజన్‌ని చేత్తో పావు చుట్టు చొప్పున తిప్పండి. ప్లగ్గు రంధ్రాల మీద గుడ్డ కప్పి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ కొట్టి మిగిలినదంతా బయటకి చిమ్మించాలి. లేకపోతే ద్రవం నొక్కుడుకి లొంగక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఆయిల్ మార్చి 200 కిలోమీటర్లు నడిపాక తీర్పు చెప్పండి.

చిక్కటి ఆయిల్ పోస్తే తగ్గుతుందా?

ఈ ఇంజన్లకి 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిలే సరైనది. ఎవరో మంచిదని 5డబ్ల్యూ-30 సింథటిక్ పోసి ఉంటే, తిరిగి మారిస్తేనే సగం పొగ ఆగిపోవచ్చు. అంతకంటే చిక్కటి ఆయిలూ, పొగ ఆపుతామనే డబ్బాలూ జబ్బుని కప్పిపెడతాయి, పొద్దున స్టార్టింగ్‌లో బేరింగులకి ఆయిల్ అందడం ఆలస్యం చేస్తాయి.

పొగ వస్తున్నా ఎమిషన్ టెస్టులో పాసయింది. ఎలా?

పెట్రోల్ బళ్లకి పొగ కొలవరు, కార్బన్ మోనాక్సైడూ హైడ్రోకార్బన్లూ కొలుస్తారు. పాత కార్లకి హద్దు మోనాక్సైడ్‌కి 3 శాతం, హైడ్రోకార్బన్లకి 1500 పీపీఎం (పది లక్షల్లో వంతులు). ఆ చీటీ పారేయకండి. మోనాక్సైడ్ ఎక్కువ ఉంటే కార్బ్యురేటర్ రిచ్. మోనాక్సైడ్ మామూలుగా ఉండి హైడ్రోకార్బన్లు మాత్రం పెరిగితే ఆయిల్ కాలడమో, ఒక సిలిండర్ మిస్ అవడమో. పాత చీటీలు పక్కపక్కన పెట్టి చూస్తే జబ్బు ఎప్పుడు మొదలైందో కూడా తెలుస్తుంది.

ఎంత ఆయిల్ కాలితే ఇంజన్ దించాలి?

పై గీత వరకు పోసి 500 కిలోమీటర్లు నడిపి, మళ్లీ గీతకి రావడానికి ఎంత పట్టిందో కొలపాత్రతో కొలవండి. 1000 కిలోమీటర్లకి అర లీటరు లోపైతే, ప్లగ్గులు తడవకపోతే, ఈ వయసు ఇంజన్‌ని నడుపుకోండి. లీటరుకి చేరి, ఆయిల్ పోసి కొలిచిన కంప్రెషన్‌లో అంకెలు పెరిగితే అప్పుడు దించండి.

దించాక లేత్ షాపులో బోర్‌ని పైన, మధ్యలో, కింద, ఒక్కో చోట రెండు అడ్డాల్లో కొలిపించి అంకెలు కాగితం మీద రాయించుకోండి. ఇరవై సైజా, నలభై సైజా (అంగుళంలో వెయ్యోవంతులు ఇరవై పెద్దదా, నలభై పెద్దదా) అన్నది ఆ అంకెలే నిర్ణయించాలి. పిస్టన్లు జేసీ రోడ్డులోనో కలాసిపాళ్యంలోనో ముందు కొని చేతికి తెచ్చుకోండి, వాటిని కొలిచి ఆ కొలతకే బోర్ చేయించండి. బోర్ చేసేశాక ఆ సైజు పిస్టన్లు దొరక్కపోతే బ్లాకు నెలల తరబడి మూల పడి ఉంటుంది.